ఓటీపీ ఎవరి జేబులోకి వెళ్తోంది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ మహిళా పేజీలో ఒక ఫొటో వేశారు. కూరగాయల బండి, పక్కన నవ్వుతూ ఒకావిడ, తక్కెడకి ఆనించి పెట్టిన క్యూఆర్ కోడ్. డిజిటల్ బాటలో మహిళలు ముందుకెళ్తున్నారని కింద రాశారు. ఫొటో బాగుంది, ఆవిడ నవ్వు ఇంకా బాగుంది. ఆవిడెవరో నాకు తెలియదు. కానీ మా వీధి చివర బండి పెట్టుకునే ఆవిడ క్యూఆర్ కోడ్‌కి లామినేషన్ చేసింది నేనే. దాని మీద పేరు వాళ్లబ్బాయిది. ఖాతా వాడిదే, ఫోనూ వాడిదే. ఆవిడ దగ్గర ఉండేది ఆ అట్టముక్క, పక్కన మాట్లాడే డబ్బా. ఎవరైనా స్కాన్ చేయగానే ఆ డబ్బా 'నలభై రూపాయలు వచ్చాయి' అని గట్టిగా చెబుతుంది. ఎవరికి వచ్చాయో చెప్పదు. తెల్లారుజామున బోయిన్‌పల్లి మార్కెట్‌కి సరుకుకి వెళ్లాలంటే ముందురోజు రాత్రే ఆవిడ కొడుకుని డబ్బులడుక్కోవాలి. తను ఎండలో నిలబడి అమ్మిన టమాటాల డబ్బులు!

మీ ఫొటో చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. కొంచెం పొడుగే అవుతుంది, మీరు కత్తిరించుకోవచ్చు.

నేను బోరబండలో జిరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు నడుపుతాను. 2014లో ఒక్క జిరాక్స్ మిషన్‌తో మొదలుపెట్టాను. ఇప్పుడు రెండు కంప్యూటర్లు, ఒక కలర్ ప్రింటర్ ఉన్నాయి. మాది మీసేవ కాదు. మీసేవకి వెళ్లేముందు, అక్కడ ఏదో కాగితం తక్కువైందని వెనక్కి పంపాక జనం ఆగే చోటు. ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో మా బోరబండ తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. అక్కడ సైబర్ టవర్స్ మొదలై పాతికేళ్లు దాటింది. పొద్దున ఆరున్నర నుంచి మా వైపు ఆడవాళ్లు అటు వెళ్తూనే ఉంటారు. అంట్లు తోమడానికి, వంటకి, ఆఫీసులు ఊడవడానికి. వాళ్లు పనిచేసే అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఒక యాప్ ఉంటుంది. పనామె లోపలికొచ్చిన టైమూ బయటికెళ్లిన టైమూ ఓనరమ్మ ఫోన్‌కి వెళ్తాయి. నెలాఖరుకి ఎన్ని నాగాలో యాపే లెక్క చూపిస్తుంది. ఆ లెక్క పనామెకి కనబడదు. ఒకావిడ నా దగ్గరికొచ్చి, 'నేను నాలుగు రోజులే మానేసిన అక్కా, ఆరు అంటున్నరు, ఆ యాప్ నీ కంప్యూటర్ల దొరుకుతదా?' అనడిగింది. దొరకదమ్మా అన్నాను.

నేను రోజంతా అనే మాట ఒకటే, 'ఓటీపీ వచ్చిందా?' అని. వచ్చే జవాబులు కూడా దాదాపు ఒకటే. 'ఫోన్ మా ఆయన దగ్గరుందక్కా, డ్యూటీకి పోయిండు.' 'మా పెద్దోడి నంబరిచ్చినం, వాడు కాలేజీల ఉంటే ఎత్తడు.' 'అది పాత నంబర్ బాజీ, రీఛార్జ్ చేయలే, బందైంది.' మగవాళ్లు వస్తే కౌంటర్ దగ్గర నిలబడి చొక్కా జేబులోంచి ఫోన్ తీసి ఆరంకెలు చదివేస్తారు. ఐదు నిమిషాల్లో పనయిపోతుంది. అదే పనికి వాళ్ల ఇంటావిడ మూడుసార్లు వస్తుంది. మూడు పూటలు పని మానుకుని వస్తుంది.

ఆధార్ ఓటీపీ పది నిమిషాలే పనికొస్తుంది. ఆవిడ భర్తకి ఫోన్ చేసి, ఆయన ఆటో పక్కకి ఆపి, మెసేజ్ వెతికి, చదివి చెప్పేలోపు టైం అయిపోతుంది. రెండోసారి చేస్తే విసుక్కుంటాడు. మూడోసారి 'నీకక్కడ ఏం పని?' అని అరిచే గొంతు కౌంటర్ ఇవతల నాకూ వినబడుతుంది. అప్పుడు నేను కాగితాలు సర్దుకుంటున్నట్టు నటిస్తాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని 'రేపొస్తలే అక్కా' అని వెళ్లిపోతుంది. వీళ్లలో కొందరు మళ్లీ రారు.

మన దగ్గర ఆడవాళ్ల పేరు మీద పథకాలకు కొరత లేదు. కల్యాణలక్ష్మి, షాదీముబారక్ కింద 1,00,116 రూపాయల చెక్కు పెళ్లికూతురి తల్లి పేరు మీదే ఇస్తారు. చాలా ఆలోచించి పెట్టిన నిబంధన అది, పెట్టినవాళ్లకి దండం పెట్టాలి. కానీ దరఖాస్తులో ఫోన్ నంబర్ అనే గడి దగ్గరికొచ్చేసరికి తండ్రి నంబర్ చెబుతారు. చెక్కు తయారైందని, వచ్చి తీసుకోమని కబురొచ్చేది ఆ నంబర్‌కే. గ్యాస్ సంగతీ అంతే. ఉజ్వల కనెక్షన్ ఆడవాళ్ల పేరు మీద ఇస్తారు. సిలిండర్ తెచ్చిన అబ్బాయికి చెప్పాల్సిన కోడ్ మాత్రం బుకింగ్ నంబర్‌కి వెళ్తుంది. మూడో అంతస్తు దాకా సిలిండర్ మోసుకొచ్చిన పిల్లవాడు మెట్ల మీద చెమటలు కక్కుతూ నిలబడి ఉంటాడు, పొయ్యి దగ్గర ఉండే మనిషికి కోడ్ తెలియదు, తెలిసిన మనిషి ఎక్కడో కూకట్‌పల్లిలో ఉంటాడు. 500 రూపాయలకే గ్యాస్ అనే పథకంలో ముందు పూర్తి ధర కట్టాలి, రాయితీ తర్వాత ఖాతాలో పడుతుంది. పడిందో లేదో తెలియాలంటే మెసేజ్ చూడాలి. దేశంలో జన్‌ధన్ ఖాతాల్లో సగానికి పైగా ఆడవాళ్లవే. పాస్‌బుక్ ఆవిడ బియ్యం డబ్బాలో ఉంటుంది, మెసేజ్ ఆయన జేబులో ఉంటుంది.

ఆడవాళ్లకి చదువు లేదు, భయం, నేర్చుకోరు అని అనేవాళ్లున్నారు. మా షాపుకొచ్చే చదువుకున్న పెద్దమనుషులే అంటారు. వాళ్లకి నేను బస్సు చూపిస్తాను. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి ఉచిత ప్రయాణం మొదలైంది. కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తారు. ఓటీపీ అడగరు, ఫోన్ అడగరు. 2025 జూలైకల్లా 200 కోట్ల ప్రయాణాలు అయ్యాయి. ఆ ఆడవాళ్లే ఈ ఆడవాళ్లు. ఎక్కనిస్తే ఎక్కారు కదా?

ఇక నా తప్పు కూడా చెప్పుకోవాలి. కరోనా తర్వాత రెండేళ్లపాటు, ఫోన్ లేదన్న ప్రతి ఆడమనిషి దరఖాస్తులో నేను నా నంబరే రాశాను. పుణ్యానికే రాశాను. వాళ్లు సంతోషపడ్డారు, నేనూ సంతోషపడ్డాను. ఒకరోజు కూర్చుని లెక్కపెడితే 37 మంది తేలారు. మెసేజ్ వస్తే చదివి, ఎవరిదో గుర్తుపట్టి, వాళ్లు షాపు ముందు నుంచి వెళ్తుంటే పిలిచి చెప్పేదాన్ని. ఒకసారి మా అమ్మ ఆస్పత్రిలో ఉంటే వారం రోజులు ఫోన్ సరిగ్గా చూడలేదు. ఒకావిడని ఇంకో కాగితం తెమ్మని వచ్చిన మెసేజ్ అందులో కింద పడిపోయింది. నేను చూసేసరికి గడువు దాటింది, దరఖాస్తు తిరస్కరించారు. ఆవిడ నన్నేమీ అనలేదు. 'మళ్లా పెడదాం లే అక్కా' అంది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత జరిగింది ఇంకోటి. ఒక సాయంత్రం ఒకాయన తాగి వచ్చాడు. 'మా ఇంటిదాని చెక్కు వచ్చిందంట కదా, మెసేజ్ నీకే వస్తదంట, చూపియ్యి' అన్నాడు. మెసేజ్ వచ్చి రెండు రోజులైంది, ఆవిడకి చెప్పాను కూడా. ఆయనకి మాత్రం ఏమీ రాలేదని అబద్ధం చెప్పాను. ఆయన వెళ్లిపోయాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఆ రోజు నేను ఆవిడ పక్షాన అబద్ధం చెప్పాను, సరే. నా స్థానంలో ఇంకొకరుంటే? ఆయనకి వంద రూపాయలకి ఆ కబురు అమ్మేవాళ్లుంటే? ఒక మనిషి డబ్బు సంగతి, కూతురి పెళ్లి సంగతి మొగుడి జేబులోంచి తీసి జిరాక్స్ షాపు డ్రాయర్లో పెట్టాను, అంతే నేను చేసిన మేలు. అప్పట్నుంచి నా నంబర్ ఎవరికీ రాయడం లేదు. 37 మందిలో 22 మందికి వాళ్ల సొంత నంబర్లు మార్పించగలిగాను. మిగతావాళ్లకి సొంత నంబరే లేదు.

సొంత నంబర్ ఉన్నా అది నిలబడటం కష్టమే. చిన్న కీప్యాడ్ ఫోనైనా 28 రోజులకోసారి రీఛార్జ్ చేయాలి. 2024 జూలైలో రేట్లు పెరిగాక ఇంట్లో ముందు ఆగిపోయేది తల్లి నంబరే. పిల్లవాడికి ఆన్‌లైన్ క్లాసు, ఆయనకి డ్యూటీ, అమ్మకెందుకు? ఆ ఏడాది డిసెంబర్లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చెప్పాక డేటా లేకుండా మాటలకీ మెసేజీలకీ వేరే ప్యాకులొచ్చాయి. అయితే అవి మూడు నెలలకి ఒకేసారి కట్టాలి, రోజుకూలి ఇంట్లో ఆ నాలుగైదు వందలు ఒక్కసారిగా ఎక్కడివి? మూడు నెలలు వాడకపోతే సిమ్ ఆగిపోతుంది. ఇంకో మూడు నెలలకి ఆ నంబర్ వేరేవాళ్లకి వెళ్లొచ్చు. ఒకావిడ ఖాతా మెసేజ్‌లు ఇప్పుడెవరికి వెళ్తున్నాయో చూద్దామని ఆ పాత నంబర్‌కి నేనే ఫోన్ చేశాను. ఎవరో మగమనిషి ఎత్తి హిందీలో మాట్లాడాడు. పెట్టేశాను.

చదువు దగ్గర నాకు బాగా గుచ్చుకున్న విషయం ఒకటుంది. ఇంటర్ అయిన పిల్లలు డిగ్రీలో చేరడానికి 2016 నుంచి దోస్త్ వెబ్‌సైట్లో దరఖాస్తు చేస్తున్నారు. 200 రూపాయల ఫీజు, ఆధార్‌కి లింకైన ఫోన్ నంబర్. సీటొచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లోనే సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, లేకపోతే సీటు పోతుంది. కాలేజీకాలేజీకి తిరిగే బాధ తప్పింది కాబట్టి ఆ పద్ధతి మంచిదే అంటాను. మా పక్క గల్లీ అమ్మాయి నా కంప్యూటర్ మీదే బీకాం పెట్టుకుంది. ఇంటర్లో మంచి మార్కులు. ఇచ్చిన ఫోన్ నంబర్ వాళ్లన్నయ్యది. మహిళా కాలేజీలో సీటొచ్చింది, మెసేజ్ అన్నకి వచ్చింది. అన్న చెప్పలేదు. గడువు దాటాక ఆ పిల్ల 'ఇంకా ఏం రాలేదా అక్కా' అని వస్తే చూసి చెప్పాను. తర్వాతి విడతలో దూరం కాలేజీ వచ్చింది, అంత దూరం వద్దన్నారు ఇంట్లో. ఇప్పుడు అమీర్‌పేటలో బట్టల షాపులో చీరలు మడతపెడుతోంది. అన్నని అడిగితే మర్చిపోయానన్నాడట. మర్చిపోయాడో, మర్చిపోతే మంచిదనుకున్నాడో. ఆ అబ్బాయి మొన్న బైక్ ఇన్సూరెన్స్ ప్రింట్‌కి వచ్చాడు, నేను మాట్లాడకుండా ప్రింట్ ఇచ్చి పంపేశాను.

ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ల విషయంలో ఫోన్ ఇంకో రకంగా కాటేస్తుంది. ఒకావిడ వచ్చి, 'ఎవరికి ఫోన్ చేసిన్నో ఫోన్ల కనబడకుండ చేయొచ్చా?' అనడిగింది. మహిళల హెల్ప్‌లైన్ 181కి చేయాలనుకుంటోంది. భర్త రోజూ రాత్రి కాల్ లిస్టు చూస్తాడట. పైగా ఆవిడ వాట్సాప్ మెసేజ్‌లన్నీ ఆయనకి ముందే తెలిసిపోతున్నాయట. ఫోన్ తీసుకుని చూస్తే ఆవిడ వాట్సాప్ ఇంకో కంప్యూటర్‌కి కలిపి ఉంది. దాన్ని తీసేస్తే ఆయనకి తెలిసిపోతుంది, ఉంచితే అన్నీ తెలుస్తాయి. చివరికి షాపు ఫోన్ నుంచే 181కి చేసి మాట్లాడింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త నేర చట్టాల ప్రకారం పోలీసులకి ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనూ ఇవ్వొచ్చు, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఇంట్లో కాపలా ఉన్న ఫోన్‌తో ఆవిడ ఆ ఫిర్యాదు ఎలా పెడుతుంది?

మంచి చేసినప్పుడు మంచి అనాలి. 2024 మార్చిలో మన పోలీసులు టీ-సేఫ్ తెచ్చారు. ఒంటరిగా ఆటోలోనో క్యాబ్‌లోనో వెళ్లే ఆడవాళ్ల ప్రయాణాన్ని గమనిస్తూ ఉంటారు. దానికి యాప్ ఉంది, కానీ యాప్ లేకపోయినా 100కి ఫోన్ చేసి 8 నొక్కితే చాలు. కీప్యాడ్ ఫోన్ కూడా పనికొస్తుంది. చేసేవాళ్లెవరో మా బోరబండ ఆడవాళ్లని మనసులో పెట్టుకుని చేసినట్టుంది. అన్నీ ఇలా ఎందుకు చేయకూడదు? ఇంటర్నెట్ లేని ఫోన్ నుంచి డబ్బులు పంపే యూపీఐ 123పే కూడా 2022 మార్చి 8నే, సరిగ్గా మహిళా దినోత్సవం రోజే మొదలైంది. నా షాపుకొచ్చేవాళ్లలో దాని పేరు విన్న ఆడమనిషిని నేనింకా చూడలేదు.

ఒక జిరాక్స్ షాపు గోల అనుకోకండి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా అని అడిగితే, మన తెలంగాణలో వాడామన్న మగవాళ్లు నూటికి 57 మంది, ఆడవాళ్లు 26 మంది. సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న ఆడవాళ్లు దేశం మొత్తం మీద సగానికి కాస్త ఎక్కువ. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, ఒప్పుకుంటాను. నా కౌంటర్ దగ్గర మాత్రం 'మా ఆయన దగ్గరుందక్కా' అనే మాట తగ్గలేదు.

కోర్టులు కూడా ఇది హక్కు అంటున్నాయి. కోజికోడ్ దగ్గర ఒక హాస్టల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా అమ్మాయిలు ఫోన్ వాడకూడదంటే, ఒప్పుకోనన్న ఫహీమా షిరీన్‌ని వెళ్లగొట్టారు. ఇంటర్నెట్ అందడం చదువుకునే హక్కులో, గోప్యత హక్కులో భాగమని 2019 సెప్టెంబర్లో కేరళ హైకోర్టు చెప్పి, మళ్లీ చేర్చుకోమంది. యాసిడ్ దాడికి గురైన ప్రజ్ఞా ప్రసూన్ బ్యాంకు ఖాతా తెరవబోతే కెమెరా ముందు కళ్లు ఆర్పమన్నారు. ఆర్పడం ఆమెకి చేతనైతే కదా! ఆమె కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని, కళ్లు ఆర్పడం ఒక్కటే దారి కాకూడదని చెప్పింది. నేను లాయర్‌ని కాదు. కానీ కళ్లు ఆర్పలేని మనిషిని ఆర్పమనడానికీ, ఫోన్ లేని మనిషిని ఓటీపీ చెప్పమనడానికీ పెద్ద తేడా నాకు కనబడదు.

నేను అడిగేవి పెద్ద పనులేమీ కావు. దరఖాస్తులో ఫోన్ నంబర్ గడి పక్కన 'ఈ నంబర్ మీదేనా?' అని ఇంకో గడి పెట్టండి. కాదంటే ఓటీపీ మీద ఆధారపడకుండా వేలిముద్రతోనో కాగితంతోనో పని జరగాలి. అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ నమోదుకి అలా జరిగింది కదా, ఆధార్‌కి ఫోన్ లేనివాళ్లు సెంటర్‌కి వెళ్లి వేలిముద్రతో చేయించుకున్నారు. అంట్లు తోమి తోమి వేలిముద్రలు అరిగిపోయిన వాళ్లుంటారు, వాళ్లకి కంటిపాపతో చూడాలి. ఆధార్ సెంటర్ సాయంత్రం ఏడు దాకానో ఆదివారమో తెరిస్తే పనికెళ్లే ఆడవాళ్లు నాగా పెట్టకుండా నంబర్ మార్చుకుంటారు. మెసేజ్ తెలుగులో, ఉర్దూలో రావాలి. ఇంగ్లిష్‌లో వచ్చిన మెసేజ్ చదివించుకోవడానికి నా దగ్గరికే వస్తున్నారు, అలా చదివించుకునేటప్పుడు షాపులో ఉన్న నలుగురూ వింటున్నారు.

వీధి చివర కూరగాయలావిడ గురించి చెప్పి ఆపేస్తాను. పోయిన నెల ఆవిడ సొంత నంబర్ తీసుకుంది. బ్యాంకులో ఆ నంబర్ ఎక్కించడానికి మూడుసార్లు తిరిగింది, ఇంకా ఎక్కలేదు. కొడుకు అలిగాడట. 'అలగనీ, అన్నం తినేటప్పుడు వస్తడు' అంటోంది.

మీకు నాదొక విన్నపం. రేషన్, గ్యాస్, పింఛన్, డిగ్రీ సీటు, బ్యాంకు, ఇలా ఏ పని ఫోన్ లేకుండా ఎక్కడ, ఏ కాగితంతో చేయించుకోవచ్చో మీ విలేకరులని పంపి కనుక్కుని హైదరాబాద్ ఎడిషన్లో ఒక పేజీ వేయండి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి. ఆ పేజీ జిరాక్సులు తీసి షాపు ముందు పెడతాను, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకెళ్తారు. వాటికి డబ్బులు తీసుకోను.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమానురాలు,
బోరబండ, హైదరాబాద్